దీవెన వేళ బయటికి

చిన్న సొరకాయలా ఉండే కూసా కాయ తొలిచేటప్పుడు చెయ్యి తొందరపడకూడదు. కత్తి ఒక్క చుట్టు ఎక్కువ తిరిగిందా, అడుగున చిల్లు పడుతుంది. చిల్లుకాయలో బియ్యమూ మాంసమూ ఎంత కూరినా అంతా కుండపాలే. బహియాకి ఈ పని చిన్నప్పట్నించీ కొట్టిన పిండి. అయినా ఆ మంగళవారం పొద్దున వరసపెట్టి కాయలు పాడుచేస్తోంది. తప్పు ఆమె చేతిది కాదు. ఎదురుగా పీట మీద కూర్చుని, మోకాలి మీద కాగితాలు పెట్టుకుని, మొర్దెఖాయ్ అంతేబి అడుగుతున్న ప్రశ్నలది.

"హాఖాం గారు పొద్దున లేవగానే ముందు ఏ కాలు కింద పెట్టేవారు, అక్కా?"

"రెండూ పెట్టేవారు. ఒంటికాలి మీద గెంతే వయసా ఆయనది?"

అంతేబి నవ్వలేదు. ఆ మాట కూడా రాసుకున్నాడేమోనని బహియాకి అనుమానం వచ్చింది.

"కాఫీ తాగి అడుగున కాస్త వదిలేసేవారట. అందులో ఏమైనా అంతరార్థం ఉందా అని..."

"అది మడ్డి నాయనా! మడ్డి ఎవరు తాగుతారు?"

"ఆ సంగతి తెలిసినప్పట్నించీ నేనూ వదిలేస్తున్నాను," అన్నాడతను వినయంగా.

బహియా తొలిచిన గుజ్జును గిన్నెలోకి విసిరికొట్టింది. తండ్రి, ఆ మందిరానికి హాఖాం, అంటే గురువు, మురాద్ సఫ్దియే పోయి నెల కావస్తోంది. వచ్చే సోమవారం ముప్పయ్యో రోజు. ఆ రోజు మందిరంలో భోజనాలు పెట్టాలి, ఆయన పేర చదువు చదవాలి, శిష్యులు అచ్చు వేయిస్తున్న చిన్న పుస్తకం అందరికీ పంచాలి. ఆ పుస్తకం నిండా హాఖాం గారి అలవాట్లే. సిరియాలోని హలబ్ నించి వచ్చిన ఈ యూదుల దగ్గర, బహియా కూడా ఆ బాపతే అనుకోండి, పెద్ద గురువు నోటితో చెప్పింది సగం చదువైతే, చేతితో చేసింది మిగతా సగం. ఆయన చెప్పు ఎలా విప్పాడో, పులుపు తింటే మొహం ఎలా పెట్టాడో, అన్నీ ధర్మమే. తప్పుపట్టడానికేమీ లేదు. ముప్పయ్యేళ్ళుగా ఆయన చొక్కాలు ఉతికి, ఆయన గోళ్ళు తీసిన మనిషికి మాత్రం వినడం కష్టం.

అంతేబి మంచివాడే. గడ్డం నెరుస్తోంది, చదువుగదికి ఇప్పుడు అతనే పెద్ద. హాఖాం గారు మంచాన పడ్డప్పుడు కన్నకొడుకులా ఎత్తి దించాడు. ఇవన్నీ గుర్తుంచుకునే బహియా ఇంతసేపూ ఓపికపట్టింది.

"ఇంకోటుంది," అని అతను కాగితం తిరగేశాడు. కంఠం తగ్గించాడు. "సెలీం సంగతి."

"పరుపుల సెలీమా? ఏమైంది అతనికి?"

అంతేబి రాసింది చదివాడు. గ్రాంథికంగా, మెత్తగా ఉంది వాక్యం. ఒకానొక కోహెన్ దీవించడానికి చేతులెత్తిన వేళ మా గురువుగారు మందిరం విడిచి పెరట్లోకి వెళ్ళి నిలిచేవారనీ, బయటినించి వచ్చిన వేరే కోహెన్ చేతులెత్తితే వెళ్ళేవారు కాదనీ, తెలివిగలవారికి ఇది చాలుననీ.

బహియా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. అర్థం కాకపోవడానికేముంది. సెలీం కోహెన్, అంటే యాజక వంశం వాడు. రోజూ పొద్దున ప్రార్థనలో జనం వైపు తిరిగి దీవించే హక్కు ఆ వంశానిదే. విడాకులు పొందిన స్త్రీని కోహెన్ పెళ్ళాడకూడదు. పెళ్ళాడి కొడుకుని కంటే ఆ కొడుక్కి ఆ హక్కు లేదు, వాడి కొడుకులకీ లేదు. సెలీం తల్లికి హలబ్‌లో మొదట ఇంకో పెళ్ళి అయిందని ఎప్పుడో ఎవరో ఒక పుకారు పుట్టించారు. ఆ కాలపు కాగితాలన్నీ అక్కడి గొడవల్లో తగలబడిపోయాయి. అవునని తేల్చేవాడూ లేడు, కాదని తేల్చేవాడూ లేడు.

"అంటే మా నాన్న సెలీంని పనికిరాడని వెలేశాడంటావు."

"నోటితో అనలేదు. మనసు నొప్పించకూడదని కాబోలు. కాళ్ళతో చెప్పారు. గురువు చేసిన పనే తీర్పు కదక్కా."

"ఓరి నీ తీర్పు తగలెయ్యా! ఆయన ఒంటికి వెళ్ళేవాడయ్యా!"

అంతేబి కళ్ళు మూసుకున్నాడు.

"మరుగుదొడ్డి పెరట్లో కాక ఎక్కడుంది? ఒంట్లో నీరు చేరుతోందని డాక్టరు మాత్ర ఇచ్చాడు. అది వేసుకుంటే ఆగేది కాదు. పైన ఆడవాళ్ళ వరండా కిటికీలోంచి రోజూ చూసేదాన్ని నేను. దీన్ని పట్టుకుని ఒక మనిషి పుట్టుకే తప్పంటారా? వాళ్ళమ్మ చచ్చి ఎక్కడుందో, ఆవిడ పేరు అచ్చులో పెడతారా?"

"పేరు పెట్టలేదు."

"ఆ! మన మందిరంలో కోహెన్లు సంతలో ఉల్లిపాయల్లా దొర్లుతున్నారు మరి, ఎవరో తెలియకపోవడానికి!"

ఉన్నది ఒక్క సెలీమే. అంతేబి కాగితాలు మడిచాడు. అతని మొహంలో కోపం లేదు, జాలి ఉంది. గొప్పవాళ్ళ ఇంట్లోవాళ్ళకి గొప్పతనం కనబడదు పాపం, అన్న జాలి. అది చూసి బహియాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"గురువారం సాయంత్రం చదువుగదిలో అందరం కూర్చుంటున్నాం. ఆ తర్వాతే అచ్చుకి వెళ్తుంది. నువ్వూ రా అక్కా. చెప్పదల్చుకున్నది అక్కడ చెప్పు."

అతను వెళ్ళాక చూసుకుంటే చేతిలో కాయ అడుగు ఊడిపోయి ఉంది.

సెలీం కొట్టు రెండు సందుల అవతల. కొట్టంటే ఒక గది, గదంతా ఉన్ని. బహియా బుధవారం వెళ్ళేసరికి అతను నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని, పాత పరుపు పొట్ట చీల్చి ఉన్ని బయటికి లాగుతున్నాడు. ఏళ్ళ తరబడి మనుషుల బరువు మోసి గడ్డకట్టిన ఉన్ని. ఒక్కో గడ్డనీ వేళ్ళతో విడదీసి, పక్కన పోగేసి, సన్నటి బెత్తంతో కొడుతున్నాడు. కొట్టినకొద్దీ పొంగుతోంది. ధూళికి బహియా తుమ్మింది.

"కూర్చో చెల్లీ, కుర్చీ మాత్రం అడగకు. ఉన్నవన్నీ పొట్టలు కోసి పెట్టాను."

ఆమె గుమ్మంలోనే నిలబడింది. అంతేబి వచ్చిందీ, రాసిందీ, తను తిట్టిందీ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. రేపు వెళ్ళి అందరి మధ్యా అసలు సంగతి కుండబద్దలు కొట్టి వస్తానంది. "నువ్వేం బెంగపెట్టుకోకు అన్నా. ఆయన ఒంటికి వెళ్ళేవాడంతే. ఇందులో నీ ప్రసక్తే లేదు," అంది ధైర్యం చెబుతున్నట్టు.

సెలీం బెత్తం ఆగింది.

"ఇంకోసారి చెప్పు?"

"ఒంటికి వెళ్ళేవాడు. మాత్ర వల్ల."

"నేను చెప్పులు విప్పి, చేతులు కడిగించుకుని, పైబట్ట కప్పుకుని దేవుడి పేరు పలుకుతుంటే, ఊళ్ళో అంత పెద్దమనిషి దొడ్డికి పోయేవాడు. రోజూ. సరిగ్గా అప్పుడే." అతను బెత్తం పక్కన పెట్టాడు. "ఇది వింటే నాకు ప్రాణం లేచొస్తుందనుకున్నావా?"

బహియా తెల్లబోయింది. ఈ వైపునించి ఆమె ఆలోచించనే లేదు.

"నీ మీద పడ్డ మాట తీసెయ్యాలని..."

"ఎవరు తియ్యమన్నారు? నేను వచ్చి అడిగానా?" సెలీం గొంతు పెద్దదైంది. సందులో వెళ్తున్న ఇద్దరు ఆగి చూశారు. "నెల్లాళ్ళ నించీ చదువుగది హరారీ నా మొహం చూడ్డం మానేశాడు. ప్రార్థన అయ్యాక నా చెయ్యి తాకి కళ్ళకద్దుకునేవాళ్ళు ఇప్పుడు తాళంచెవులు వెతుక్కుంటున్నారు. నా కొడుకులు హోలోన్ ఊళ్ళో వాళ్ళ మందిరంలో చేతులెత్తుతున్నారు. నేను కాదంటే వాళ్ళూ కాదు. మా అమ్మ... ఆవిడ ఎలాంటిదో నీకేం తెలుసు, వాళ్ళకేం తెలుసు? అందరికీ నా గురించి తెలిసిపోయింది. నాకొక్కడికే చెప్పలేదు."

"మరి నువ్వెందుకు అడగలేదన్నా, నాన్నని? ఇన్నేళ్ళూ రోజూ వెళ్ళిపోతుంటే?"

"నేనేం చూశాను? చేతులెత్తాక నా మొహం బట్ట కిందే ఉంటుంది. తలుపు కిర్రుమనడం వినేవాణ్ణి." సెలీం ఒక ఉన్ని గడ్డ తీసుకుని విడదీయడం మొదలెట్టాడు, చాలా నెమ్మదిగా. "అడిగితే ఆయన చెప్పాల్సొచ్చేది. చెబితే నేను వినాల్సొచ్చేది. అయినా ప్రార్థన అవగానే నా దగ్గరికే వచ్చేవాడు మీ నాన్న. నా రెండు చేతులూ పట్టుకుని ముద్దుపెట్టుకునేవాడు. పనికిరాని చేతుల్నెవరైనా అలా పట్టుకుంటారా?"

"ఆ మాట రేపు వచ్చి చెప్పు."

"మర్యాద కోసం పట్టుకున్నాడంటారు. వాళ్ళ దగ్గర అన్నిటికీ జవాబుంటుంది."

"నీకేమనిపిస్తుంది మరి? ఎందుకు వెళ్ళేవాడు?"

సెలీం ఆమెని ఎగాదిగా చూశాడు.

"నేనూ ఒకటనుకున్నాను, ఇన్నేళ్ళూ. రోజూ అనుకున్నాను. చెప్పను. వాళ్ళదొకటి, నీదొకటి చాలదా? మూడోది కూడా ఎందుకు సంతకి?"

బహియాకి ఉక్రోషం వచ్చింది. మేలు చేద్దామని వస్తే మొహాన తలుపు వేసినట్టుంది. "సరే, నీ ఇష్టం. నేను మాత్రం రేపు వెళ్తాను," అంది.

"వెళ్ళు. మీ నాన్న గురించి నువ్వు చెప్పుకో. నా గురించి చెప్పకు," అన్నాడు సెలీం. మళ్ళీ బెత్తం అందుకున్నాడు. దెబ్బ దెబ్బకీ ధూళి లేచి గుమ్మం దాకా వచ్చింది.

దారంతా ఆమె అతన్ని తిట్టుకుంటూనే నడిచింది. మొండివాడు, గర్విష్ఠి, నోట్లో మంచి ముక్క లేనివాడు. వాకిలి తాళం తీస్తుండగా మాత్రం, మా అమ్మ ఎలాంటిదో నీకేం తెలుసు అన్నప్పుడు అతని నోరు వంకరపోయిన తీరు గుర్తొచ్చి తిట్లు ఆగిపోయాయి.

చదువుగదిలో ఆడవాళ్ళు అడుగుపెట్టే ఆచారం లేదు. బహియా కోసం తలుపు దగ్గర కుర్చీ వేశారు, సగం లోపల, సగం బయట. గురువారం సాయంత్రం ఎండ ఇంకా కిటికీల్లో ఉంది. బల్లల చుట్టూ శిష్యులు. చిన్నప్పుడు తన వంటింట్లో చింతపండు పులుసు పోసుకుని కూరిన కాయల మహ్షీ తిన్నవాళ్ళే అందరూ. ఇప్పుడు గడ్డాలు సవరించుకుంటూ ఎటో చూస్తున్నారు.

ఆమె నిలబడే చెప్పింది. నాన్నకి ఒళ్ళు ఉబ్బేదనీ, డాక్టరు మాత్ర ఇచ్చాడనీ, అది వేసుకున్నాక ఆగడం ఆయన తరమయ్యేది కాదనీ. మనిషన్నాక ఒళ్ళుంటుందనీ, మీరు మాత్రం ఆయన్ని గాల్లో నడిపిస్తున్నారనీ. మాటలు బాగానే పడుతున్నాయి. ఒకరిద్దరు తలలు వంచుకున్నారు. బహియాకి బలం వచ్చింది.

"ఒక్క చిన్న అనుమానం," అన్నాడు యోసేఫ్ హరారీ.

సన్నటి మనిషి, సన్నటి గొంతు. తర్కంలో అతని తర్వాతే ఎవరైనా. పాఠంలో ఎక్కడ ముడి ఉందో వేలు పెట్టి చూపిస్తాడని హాఖాం గారే మెచ్చుకునేవారు.

"మాత్ర ఎవరు ఇచ్చేవారక్కా?"

"నేనే. ఇంకెవరున్నారు?"

"ఎప్పుడు?"

"రోజూ."

"రోజూ ఏ వేళకి?"

"అన్నం తిన్నాక..." బహియా నోట్లో మాట నోట్లోనే నిలిచిపోయింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక. ఖాళీ కడుపున పడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మధ్యాహ్నం మాత్ర వేసి, మంచినీళ్ళిచ్చి, గ్లాసు తీసుకునేది. మర్నాడు పొద్దుటి ప్రార్థన దాకా ఏ మాత్ర పనిచేస్తుంది? అంతెందుకు, ఆ మాత్ర మొదలైంది ఈమధ్యన. నాన్న పెరట్లోకి వెళ్ళడం అంతకు ఎంతో ముందునించీ ఉంది. కిటికీ పక్కన తన చోటుకి ఎప్పుడు మారిందో అప్పటినించీ చూస్తోంది. ఇన్నాళ్ళూ ఈ రెండూ తన బుర్రలో పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కసారీ ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు.

ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. ఆయన దొడ్డి తలుపు తియ్యడం ఆమె ఎన్నడూ చూడలేదు. గోడవైపు తిరిగి నిలబడేవాడు. అంతే. అయ్యాక లోపలికి వచ్చేవాడు. దొడ్డికి వెళ్ళి వచ్చాడని తనే పూరించుకుంది.

హరారీ ఇంకేమీ అడగలేదు. ఆమె మొహం చూసి తనే తల దించుకున్నాడు. గెలిచామన్న సంబరం ఎవరి మొహంలోనూ లేదు. అది మరీ భరించలేకపోయింది బహియా. వెక్కిరించి ఉంటే తిట్టేది.

"అయితే నాకు తెలీదు," అంది.

ఆ మాట తన చెవికే కొత్తగా వినబడింది. ముప్పయ్యేళ్ళు. ఏ కూర ఇష్టమో తెలుసు, ఏ పక్కకి ఒత్తిగిలితే దగ్గొస్తుందో తెలుసు. రోజూ కళ్ళముందు చేసిన పని ఎందుకు చేశాడో తెలీదు. అడగాలని కూడా అనిపించలేదు. తెలిసిపోయిందనుకున్నాక ఎవరు మాత్రం అడుగుతారు?

కుర్చీ పట్టుకుని కూర్చోబోయింది. కూర్చోలేదు.

"నాకు తెలీదు, సరే. మీకెలా తెలుసు? మీలో ఎవరైనా అడిగారా ఆయన్ని?"

ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి అంతేబి దగ్గర ఆగింది.

"మొర్దెఖాయ్! నువ్వు అడిగావా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన పక్కనే కూర్చునేవాడివి. ఆకు మీద పురుగు పాకితే దాని మీద ప్రశ్న వేసేవాడివి. దీని మీద వెయ్యలేదా?"

"భయం వేసేదక్కా," అన్నాడు అంతేబి.

"సెలీంకి భయం. నీకు భయం. నాకు అక్కర్లేకపోయింది. అంటే ఆయన ఉన్నన్నాళ్ళూ ఎవరం నోరెత్తలేదు, పోయాక మాత్రం అందరం ఆయన కడుపులో దూరి చూసొచ్చాం! వేరే కోహెన్ వస్తే కదిలేవారు కాదంటున్నారే, ఆ వేరేవాళ్ళు ఎప్పుడొచ్చారు? పండగలకి, చలికాలంలో. ఆయన మోకాళ్ళు పట్టేసి లేవలేని రోజులవి. ఇదీ కారణం కావచ్చు, కాకపోవచ్చు. చూశారా, మళ్ళీ నేనే మొదలెట్టాను!" ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "తెలియని దాంతో ఒక మనిషిని చంపకండర్రా. అంతే నేను అడిగేది."

అంతేబి లేచి నిలబడ్డాడు. "అక్క అన్నది నిజం. మన గురువుగారి మనసు మనకి తెలిసిందనుకోవడం మన పొగరు. తెలియని కారణంతో ఒకరి వంశాన్ని పడగొట్టే అధికారం మనకి లేదు. సెలీం నిన్నటిదాకా ఏమిటో రేపూ అదే," అన్నాడు. అందరిముందే కాగితం మీద ఆ వాక్యం కొట్టేశాడు. హరారీ కూడా తలూపాడు.

బహియా ఇంటికి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గెలిచి వచ్చి ఏడవడమేమిటో ఆమెకే తెలీదు. శుక్రవారం మధ్యాహ్నం ఒక గిన్నెలో మహ్షీ పెట్టుకుని సెలీం కొట్టుకి వెళ్ళి, జరిగింది రెండు ముక్కల్లో చెప్పింది. తన మాత్ర సంగతి తప్పని కూడా చెప్పింది. సెలీం పళ్ళ మధ్య పట్టుకున్న సూదులు తీసి, "చింతపండు ఎక్కువైనట్టుంది వాసన," అని గిన్నె పుచ్చుకున్నాడు. గుమ్మం దాకా సాగనంపడానికి లేచి వచ్చాడు. అదే ఎక్కువ.

శనివారం, సబ్బాతు పొద్దున మందిరం కిటకిటలాడుతోంది. పై వరండాలో కిటికీ పక్కన తన చోట బహియా, ఆమె పక్కన అదేల్ పిన్ని, వెనక మిగతా ఆడవాళ్ళు. చెక్క జాలీలోంచి కింద తలలు, భుజాల మీద తెల్లటి బట్టలు కనబడుతున్నాయి. ప్రార్థన దీవెన దగ్గరికి వచ్చింది. సెలీం చెప్పులు విప్పి లేవడం చూసింది. ఆ పని హక్కున్న లేవీ వంశం వాడు అతని చేతుల మీద నీళ్ళు పోశాడు. సెలీం తుడుచుకుని వెళ్ళి, ధర్మశాస్త్రపు చుట్టలుండే బీరువా ముందు, దానివైపే మొహం పెట్టి నిలబడ్డాడు.

ఇద్దరు ముగ్గురు కోహెన్లుంటే ప్రార్థన చెప్పేవాడు వాళ్ళని 'కోహెన్లూ' అని పిలుస్తాడు. ఒక్కడే ఉంటే పిలుపు లేదు. తనంతట తనే జనం వైపు తిరగాలి. సెలీం వీపు చూస్తూ బహియా జాలీ గట్టిగా పట్టుకుంది. తిరగడేమో అనిపించింది. ఇంత జరిగాక ఎందుకు తిరగాలి?

సెలీం తిరిగాడు. బట్ట మొహం మీదికి లాక్కుని, దాని కింద చేతులెత్తాడు.

అప్పుడు ముందు వరసలో అంతేబి లేచాడు. పుస్తకం మూసి, ముద్దుపెట్టుకుని, బల్ల మీద పెట్టి, పెరటి తలుపు వైపు నడిచాడు. ఏమైందో, ఒంట్లో బాగాలేదేమో అనుకుంది బహియా. అతని వెనక హరారీ లేచాడు. హరారీ వెనక ఆ వరసంతా. ఆ వెనక రెండో వరస. ఎవరూ తోసుకోలేదు, ఎవరూ గుసగుసలాడలేదు. శవం వెనక నడిచేవాళ్ళలా తలలు వంచుకుని, ఒకరి తర్వాత ఒకరు. తలుపు కిర్రుమంది. మూసుకోలేదు. అంతమంది వెళ్తుంటే ఎలా మూసుకుంటుంది?

"ఎక్కడికే వీళ్ళంతా?" అంది అదేల్ పిన్ని.

బహియా కిటికీలోంచి చూసింది. పెరట్లో శిష్యులు గోడవైపు మొహాలు పెట్టి నిలబడుతున్నారు, తండ్రి నిలబడ్డ చోటే, తండ్రి నిలబడ్డట్టే. గోడవైపు తిరిగే ముందు అంతేబి కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ కింద తడి ఉంది. దొంగ ఏడుపు కాదు, నిజంగా ఏడుస్తున్నాడు. ఒక్కసారిగా ఆమెకి అంతా అర్థమైంది. వాక్యం కొట్టేశారు. సెలీంని కాదనలేదు. గురువు ఎందుకు చేశాడో తెలీదని ఒప్పుకున్నారు, తెలీదు కాబట్టే ఆయన చేసిందాన్ని వదలకూడదనుకున్నారు. అర్థం కాని పనిని అర్థం కాకుండానే మోయడం వాళ్ళ లెక్కలో వినయం. ఆ మాట వాళ్ళ చేతికిచ్చింది తనే. నాకు తెలీదని అందరిముందూ నిలబడి చెప్పి మరీ ఇచ్చింది.

కిటికీ రెక్క విరిచి వాళ్ళ నెత్తిన వెయ్యాలనిపించింది.

లోపల, ప్రార్థనకి ఉండి తీరాల్సిన పదిమందికి లోటు రాకుండా చూసుకున్నట్టు, నడవలేని ముసలివాళ్ళు కొందరు బల్లలకి అతుక్కుని ఉన్నారు. ప్రార్థన చెప్పేవాడు ఒక్కసారి ఖాళీ వరసల వైపు చూసి, గొంతు సవరించుకుని మొదటి మాట అందించాడు. సెలీం దాన్ని అందుకున్నాడు. బట్ట కిందనించి వస్తున్న గొంతు మామూలుగానే ఉంది. అతనికేం కనబడదు. మొదటి వాక్యం అయ్యింది. ముసలి గొంతులు రెండు మూడు "ఆమేన్" అన్నాయి, ఒకటి దగ్గులో కలిసిపోయింది. ప్రతి సబ్బాతూ కప్పు అదిరేలా వచ్చే ఆమేన్ అది. సెలీం గొంతు తర్వాతి మాట దగ్గర ఒక్క క్షణం ఆగింది. అతనికి తెలిసిపోయింది.

బహియా ఇంకా కిటికీ దగ్గరే ఉంది. గోడ ముందు వరసగా వీపులు. తను చూస్తున్నదేమిటో అప్పుడు గమనించింది. ఇన్నేళ్ళూ దీవెన జరుగుతున్నంతసేపూ ఆమె ఇక్కడే నిలబడి నాన్న వీపు చూసింది. ఆయన ఎందుకు వెళ్ళాడో తనకి తెలుసనుకుంటూ చూసింది. సెలీం పలికిన మాట ఒక్కటీ విన్న గుర్తు లేదు.

ఆమె కిటికీకి వీపు పెట్టి జాలీ వైపు తిరిగింది. ఆడవాళ్ళు పైన ఆమేన్ అంటే పెదాలు దాటకూడదు. కింద మగవాళ్ళకి వినబడకూడదు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో గానీ చిన్నప్పట్నించీ అదే అలవాటు. సెలీం రెండో వాక్యం పూర్తిచేశాడు.

"ఆమేన్!" అంది బహియా.

గొంతు పగిలి బొంగురుగా వచ్చింది. కింద ముసలివాళ్ళు ఉలిక్కిపడి తలలెత్తారు. అదేల్ పిన్ని ఆమె చెయ్యి గిల్లింది, "వినబడుతుందే!" అంది.

"వినబడాలనే," అంది బహియా.

కింద సెలీం మూడో వాక్యం మొదలుపెట్టాడు. ఈసారి మాట మాటకీ ఆగి, నెమ్మదిగా, దూరంగా ఉన్నవాళ్ళకి చెబుతున్నట్టు పలికాడు. బట్ట కింద చేతులు ఇంకొంచెం పైకి లేచాయి, పై వరండా వైపు. చివరి మాట అయ్యేసరికి అదేల్ పిన్ని కూడా లేచి నిలబడింది. ఆమె వెనక మిగతా ఆడవాళ్ళంతా లేచారు. వాళ్ళు అన్న ఆమేన్ పెరట్లో గోడకి మొహం పెట్టుకున్నవాళ్ళ దాకా వెళ్ళింది.